ఆమేన్ తర్వాత మాట

"అందరూ బొడ్డుతాడుతో పుడితే ఇది ఫోను తాడుతో పుట్టింది" అనేది మా అమ్మ. బెజవాడలో మేం ఉన్న వాటాలో ఫోను లేదు. మేడమీద ఇంటిగలవాళ్లకి ఉండేది. కరివేపాకనో పేపరనో వంకపెట్టి పైకెళ్లి, ఆవిడ పోపు వేసుకుని వచ్చేలోగా నా స్నేహితురాలితో నాలుగు మాటలు మాట్లాడేసేదాన్ని. "ఏమ్మాయ్, ఈ ఫోను మాదా మీదా?" అని ఆవిడ అడిగితే "ఫోను మీదేనండీ, గొంతు మాత్రం నాది" అనేదాన్ని. నోరు అంత. కోపం దానికి రెండింతలు.

ఇంటర్ మార్కుల మీద టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం వస్తే ఇంట్లో అందరూ నవ్వారు. దేవుడికి కూడా ఈ పిల్ల సంగతి తెలుసన్నమాట అన్నాడు నాన్న. ట్రైనింగు అయ్యాక గుంటూరు వేస్తారు, కాకపోతే ఒంగోలు వేస్తారు అనుకున్నా. వేసింది పొదిలి వెళ్లే రోడ్డులో ఒక ఊరు. బస్సు దిగగానే ఒకవైపు పత్తి మిల్లు, ఇంకోవైపు ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. దిగిన అయిదు నిమిషాలకే తుమ్ములు మొదలయ్యాయి. పక్కన ఎవరో ముసలాయన "కొత్తా అమ్మాయ్? రెండు నెలల్లో అలవాటైపోద్దిలే" అన్నాడు. నేనున్న మూడేళ్లలో అలవాటు కాలేదు.

మా ఎక్స్ఛేంజి పెంకుటింట్లో రెండు గదులు. ముందు గదిలో జనం కూర్చోడానికి ఒక బల్ల, ట్రంకు కాల్ మాట్లాడ్డానికి ఒక చెక్క గూడు. వెనక గదిలో బోర్డు, బోర్డు ముందు నేను, నా తలమీద హెడ్‌ఫోను. ఊళ్లో ఎవరైనా ఫోనెత్తితే బోర్డు మీద చిన్న రేకుమూత టక్కున పడుతుంది. నేను ప్లగ్గు గుచ్చి నంబరు అడిగి కలపాలి. పైఊరికైతే ట్రంకు కాల్ బుక్ చేసుకుని కాచుకోవాలి. మామూలు కాల్‌కి పూట పడుతుంది, అర్జంటుకి గంట పడుతుంది, లైట్నింగ్ అయితే అందరినీ దాటుకుని ముందుకెళ్తుంది. ఏ కాల్ అయినా మూడు నిమిషాలు. మూడు నిమిషాలు కాగానే ఆపరేటరు మధ్యలో దూరి "మూడు నిమిషాలయ్యాయండీ, పొడిగించమంటారా?" అని అడగాలి. ఊరికే అడగడం కాదు, అది రూలు. వాళ్లు వద్దంటేనే ప్లగ్గు లాగాలి.

ఒకసారి నేను అడగలేదు.

మాఘమాసం ఎండ. ఆవిడ పొద్దున్న పదింటికి వచ్చింది. యాభై దాటుంటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. తెల్లచీర కుచ్చిళ్ల దాకా మిరప దుమ్ము. వేళ్ల చివర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. మిరపకాయల పని చేసే ఆడవాళ్లందరి వేళ్లూ ఆ కాలంలో అలాగే ఉంటాయని అప్పటికే తెలుసు నాకు.

"ఫోను చేయించే అమ్మ ఎవరే?"

"నేనే. ఎక్కడికి?"

"నెల్లూరికి." కొంగు ముడి విప్పి చీటీ తీసింది. "నా కూతురు అక్కడ ఆసుపత్రిలో ఆయాగా చేస్తందంట. మా పల్లె పిల్లోడు చూసొచ్చాడు. పిలిస్తే వస్తదా?"

పేరు చెబితే పి.పి. కాల్ కడతానని చెప్పా. అంటే ఆ మనిషి వచ్చి ఫోను పట్టుకున్నాకే టైము మొదలవుతుందని. ఆ మాట విని ఆవిడ మొహం వెలిగిపోయింది. "అబ్బ, ఎంత న్యాయమైన మిషనే" అంది.

బల్ల మీద మూడు గంటలు కూర్చుంది. ఖాళీ దొరికినప్పుడల్లా నాతో మాట్లాడింది. అడక్కుండానే అంతా చెప్పేసింది. నాలుగేళ్ల కిందట కూతురు ఎవరో లారీ క్లీనర్ని చేసుకుంటానంది. ఈవిడకి కోపం ఆగలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక, గుడి మెట్ల మీద, సంఘమంతా చూస్తుండగా పిల్ల చెంప పగలగొట్టింది. పిల్ల కన్నీళ్లు కూడా పెట్టుకోలేదంట. తిన్నగా రోడ్డు మీదికెళ్లి, వచ్చిన బస్సు ఎక్కేసింది. ఆ లారీ క్లీనర్ కూడా తర్వాత ఎటో పోయాడు. నాలుగేళ్లుగా చీటీ లేదు, కబురు లేదు.

"ఏం మాట్లాడతావు పెద్దమ్మా?" అని అడిగా.

"మాట్లాడేదేముంది. అదేమంటదో వినాలి."

ఒంటిగంటకి నెల్లూరు కలిసింది. ఆ పిల్ల ఫోను దగ్గరికి వచ్చింది. గూట్లో ఈవిడ రిసీవరు రెండు చేతులా పట్టుకుంది. నేను లైన్లో ఉన్నా. వినకూడదు, కానీ గొంతులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడాలి కాబట్టి వింటాం. ఎంత చూడాలో అంతకంటే కాస్త ఎక్కువే వింటాం.

"అమ్మా" అంది అవతల పిల్ల. అంతే.

ఈవిడ రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. తర్వాత అంది: "తల్లీ, కళ్లు మూసుకో. ప్రార్థన చేసుకుందాం."

నేను తల పట్టుకున్నా. మా అమ్మా అంతే. అన్నం ముందు ప్రార్థన మొదలుపెడితే కంచంలో పప్పు గడ్డకట్టేది. ఊళ్లో జబ్బుపడ్డవాళ్లు, పరీక్షలు రాసేవాళ్లు, దేశాన్ని ఏలేవాళ్లు, అందరూ అయ్యాక గానీ ముద్ద నోట్లోకి వెళ్లేది కాదు. ఈవిడ కూడా అలాగే మొదలుపెట్టింది. నాలుగేళ్లు బిడ్డని కాపాడినందుకు స్తోత్రమంది. ఫోను కనిపెట్టినవాళ్లని దీవించమంది. పిల్లని ఆయాగా పెట్టుకున్న డాక్టరమ్మని దీవించమంది. వానలు పడాలంది. అవతల పిల్ల మధ్యలో "ఊ" అంటోంది.

అదే సమయంలో పత్తి మిల్లు మూత టక్కున పడింది. నేను ఎత్తా.

"ఏం పిల్లా, నిద్రపోతున్నావా? కోయంబత్తూరు లైట్నింగ్ అడిగి ఎంతసేపైంది? రేటు పడిపోతోంది ఇక్కడ!" అని అరిచాడు ఓనరు.

"లైను ఖాళీ లేదండీ, మాట్లాడుతున్నారు."

"ఎవడు మాట్లాడేది? కలెక్టరా?"

ఆ వారం మాకున్న రెండు ట్రంకు లైన్లలో ఒకటి చచ్చిపడుంది. నా కోపం మిల్లు ఓనరు మీద రావాలి. కానీ ఆయన మీద చూపించలేను. చెవిలో ఒకపక్క ఈయన తిట్లు, ఇంకోపక్క ఆవిడ ప్రార్థన. గడియారం మూడు నిమిషాలు చూపించింది. సరిగ్గా అప్పుడే ఆవిడ "ఆమేన్" అంది. అవతల పిల్ల కూడా "ఆమేన్" అని, ఊపిరి తీసుకుని, "అమ్మా, నేను నీకు" అంది.

నేను ప్లగ్గు లాగేశా.

అడగలేదు. మధ్యలో దూరలేదు. లాగేసి, కోయంబత్తూరు గుచ్చేశా. ఇదంతా మీరు చదివినంత సేపు కూడా పట్టలేదు.

ఆవిడ గూట్లోంచి వచ్చి నా గది గుమ్మంలో నిలబడింది. "ఏదో అనబోయింది తల్లీ."

"టైము అయిపోయింది పెద్దమ్మా. మూడు నిమిషాలవగానే మిషను దానంతటదే ఆగిపోద్ది." నేనా మాట అన్నా. నేనే అన్నా.

"అయ్యో. ప్రార్థన కాస్త తగ్గించుకోవాల్సింది" అంది. తప్పంతా తన మీదే వేసుకుంది. తర్వాత నా తలమీద చెయ్యి పెట్టి, "నా బిడ్డ గొంతు వినిపించావు. నువ్వు చల్లగుండాలి" అని వెళ్లిపోయింది. చెయ్యి పెట్టిన చోట మాడు కాసేపు మండింది, మిరపకాయల చెయ్యి కదా.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ ఆయా డ్యూటీకి రాలేదన్నారు. నాలుగోనాడు చేస్తే, మానేసి వెళ్లిపోయిందన్నారు. ఎక్కడికో తెలీదన్నారు.

ఆ మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పి ముద్ద కలుపుతుంటే తట్టింది నాకు. ఆ పిల్లకి అవతల ఏం వినిపించి ఉంటుంది? అమ్మ ఆమేన్ అంది. తను నోరు తెరిచింది. టక్. తన ప్రార్థన తను చేసుకుని, బిడ్డ మాట వినకుండా ఫోను పెట్టేసింది అమ్మ. అంతే కదా అనుకుంటారు ఎవరైనా. నాలుగేళ్ల కిందట మెట్ల మీద కొట్టిన అమ్మే కదా అనుకుంటుంది.

డబ్బా మూసేశా.

ఆ ఊళ్లో మా వాళ్ల గుడి పల్లె చివర ఉంది. సున్నం గోడలు, రేకుల కప్పు, కింద చాపలు. ఆదివారం నేను వెళ్తే ఆవిడ ముందు వరసలోంచి లేచి సాక్ష్యం చెప్పింది. "మన ఊరికి ఒక ఫోనమ్మని పంపించాడు దేవుడు. నాలుగేళ్ల తర్వాత నా బిడ్డ ఆమేన్ అంటే ఈ చెవులతో విన్నా. ఆ పిల్లని దీవించండయ్యా" అని నా వైపు చెయ్యి చూపించింది. సంఘమంతా వెనక్కి తిరిగింది. స్తోత్రం, స్తోత్రం అన్నారు. నా మొహం మిరపపండు అయిపోయింది. సిగ్గుపడుతోంది పిల్ల అనుకున్నారు.

నెలలో మొదటి ఆదివారం బల్ల. ప్రభువు బల్ల అంటే బయటివాళ్లకి తెలియకపోవచ్చు. పాస్టరు అయ్యగారి భార్య ఇంట్లో కాల్చిన పులవని రొట్టెని చిన్నచిన్న ముక్కలు చేసి పళ్లెంలో పెడతారు. ఎండుద్రాక్ష నానబెట్టి తీసిన రసం బుల్లి గ్లాసుల్లో పోస్తారు. సంఘపెద్దలు వరసలవెంట తీసుకొస్తే తలా ఒక ముక్క, తలా ఒక గుక్క. ఆయన మన కోసం విరిగిపోయాడని జ్ఞాపకం చేసుకుంటూ తినాలి. అయోగ్యంగా తింటే ఆ తీర్పు మన మీదికే వస్తుందని అయ్యగారు ప్రతిసారీ హెచ్చరించేవారు. అందుకని ముందురోజు శనివారం సాయంత్రం ఇంకో కూటం ఉండేది. ఎవరి మీద ఎవరికి మనసులో ఏమున్నా అక్కడ చెప్పేసుకోవాలి. గట్టు తగాదా అయినా, కోడిపెట్ట తగాదా అయినా. చేతులు పట్టుకుని సమాధానపడ్డాకే ఆదివారం బల్ల దగ్గరికి రావాలి.

నేను శనివారం వెళ్లలేదు. ఆదివారం పళ్లెం వస్తే పక్కకి జరిపేశా.

పదహారేళ్లకి బాప్తిస్మం తీసుకున్నాక మొదటిసారి ఆ రొట్టె నోట్లో పెట్టుకున్నప్పుడు ఏ రుచీ లేదనుకున్నా. ఉప్పు లేదు, తీపి లేదు. నా మొహం చూసి మా అమ్మ నవ్వింది. కానీ నెలకోసారి అదే ముక్క, అదే గుక్క, అలా ఏళ్లు గడిచాక అది లేని నెల ఎలా ఉంటుందో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. పళ్లెం నా చేతిమీదుగా పోతుంటే ఆ కాల్చిన పిండి వాసన వచ్చేది. నా పక్కవాళ్లు నమిలే చప్పుడు వినపడేది. ఆ ఆదివారాల మధ్యాహ్నం అయ్యగారింట్లో కోడికూర తిన్నా కడుపులో ఒక చోట ఖాళీగానే ఉండేది.

రెండో నెల కూడా జరిపేశా. మూడో నెల కూడా. పల్లెల్లో పళ్లెం జరిపిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు. పెళ్లికాని పిల్ల, ఊరికి కొత్త, ఒంటరిగా గది తీసుకుని ఉంటుంది, పొద్దస్తమానం మగాళ్లతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం. ఇంక ఊహించుకోవడానికి ఎంతసేపు? ఒకరోజు అయ్యగారి భార్య నన్ను పక్కకి పిలిచి, చాలా మెల్లగా, "అమ్మాయ్, చెప్పుకోలేని సంగతేమన్నా ఉందా? మేం కడుపులో పెట్టుకుంటాం" అంది.

"మీరనుకునేది ఏమీ లేదమ్మగారూ. ఉంటే మీకే ముందు చెబుతా, మీ ద్వారా ఊరంతటికీ తొందరగా తెలుస్తుంది" అన్నా. ఆవిడ బిత్తరపోయింది. ఇంటికొచ్చి ఏడ్చా. ఆవిడ మంచిదే. నా నోరే.

నాకు నేనొక ఒప్పందం రాసుకున్నా. ఆ పిల్లని నేనే వెతికి పట్టుకుంటా. తల్లికి ఫోన్లో కలుపుతా. అప్పుడు జరిగింది చెప్పేస్తా, అప్పుడు రొట్టె తింటా. బోర్డు ఖాళీగా ఉన్నప్పుడల్లా నెల్లూరు ఆపరేటర్ని పిలిచి ఆసుపత్రుల నంబర్లు అడిగేదాన్ని. అవతల ఎవరో పెద్దాయన, ఎప్పుడూ చూడలేదు, పొడుం పీల్చే మనిషి గొంతులా ఉండేది.

"మీరేనా మళ్లీ? ఇవాళ ఏ ఆసుపత్రి?"

"నిన్నటి దాని పక్కది."

"ఆ ఆయా మీకేమవుతుందమ్మా ఇంతకీ?"

"ఏమీ అవదు."

"ఏమీ అవని మనిషి కోసం ఇంత తిరుగుతున్నారా ఫోన్లో? మా అల్లుడు నా కోసం బజారు దాకా కూడా వెళ్లడు."

ఇంకోపక్క ఆవిడకి వేళ్లకి రాసుకోమని ఆముదం పట్టుకెళ్లేదాన్ని. శుక్రవారాలు ఉపవాసం ఉన్నా. ఆవిడ ఇంట్లో పని చేసిపెట్టబోతే "కూర్చోవే, పట్నం చేతులు" అని కసిరేది. కంచంలో తాలుకాయల పచ్చడి వేసేది. కళ్లంలో ఎర్రకాయలోంచి ఏరేసిన తెల్లబారిన కాయల్ని తాలు అంటారు, కూలోళ్లు ఇంటికి తెచ్చుకుంటారు. రంగు ఉండదు, కారం మాత్రం ఉంటుంది. ఎంత చేసినా నాకు తూకం సరిపోలేదు. పళ్లెం వస్తే చెయ్యి ముందుకు వెళ్లేది కాదు. ఆవిడేమో ప్రతి ఆదివారం నా చెయ్యి పట్టుకుని అడిగేది: "ఏమన్నా పలికిందా?" లేదు పెద్దమ్మా అనేదాన్ని. "పలుకుద్దిలే" అని నాకే ధైర్యం చెప్పేది. ఆ ధైర్యం చెప్పినప్పుడల్లా చచ్చిపోవాలనిపించేది.

అలా ఏడాది దగ్గరపడింది. మళ్లీ మిరపకోతలు వచ్చాయి. ఒక శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి తిన్నగా కళ్లానికి వెళ్లా. ఎందుకు ఆ రోజే అంటే చెప్పలేను. పొద్దున్న మా అమ్మ ఉత్తరం వచ్చింది. "నీ కోసం బల్ల దగ్గర ప్రార్థన చేసుకుంటున్నాం, నువ్వు కూడా అక్కడ తీసుకుంటున్నావు కదా, అలా మనం ఒకే పళ్లెంలో తిన్నట్టే" అని రాసింది. అది చదివాక ఇంక ఆగలేకపోయా.

కళ్లం నిండా ఎరుపు. ఆడవాళ్లు మూతులకి గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. ఆవిడ చివర్న ఉంది. నేను పక్కన గొంతుక్కూర్చున్నా. తుమ్ములు, కన్నీళ్లు.

"ఏమే, ఇక్కడికొచ్చావు? నీకు పడదుగా ఈ ఘాటు."

"పెద్దమ్మా, ఆ రోజు మిషను ఆగలేదు. నేనే ఆపేశా."

ఆవిడ చెయ్యి ఆగింది.

"మూడు నిమిషాలయ్యాక పొడిగించమంటారా అని అడగాలి. అడిగితే నువ్వు సరేననేదానివి. నేను అడగలేదు. మిల్లాయన తిడుతున్నాడు, నాకు నీ ప్రార్థన మీద చిరాకొచ్చింది, లాగేశా. ఆ పిల్ల మాట్లాడబోతోందని నాకు తెలుసు. విన్నా. విని లాగేశా."

మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. నన్ను చూసింది. "పర్లేదులే తల్లీ" అంటుందని నేను ఏడాదిగా అనుకుంటున్నా, ఆ మాట అనుకునే అక్కడిదాకా నడిచొచ్చా. ఆవిడ అనలేదు.

"ఆమేన్ తర్వాత నా బిడ్డ నాకేదో చెప్పబోయింది. నాలుగేళ్లు దాని కోసం బతికా. అమ్మా నిన్ను చూడాలనుంది అనేదో, అమ్మా నీ మొహం చూడను అనేదో. ఏదైనా సరే, అది నాది. నువ్వెవరివే దాన్ని తుంచడానికి?"

"పెద్దమ్మా..."

"ఏడాది! నా ఇంట్లో కూర్చుని నా పచ్చడి తిన్నావు. నీ తలమీద చెయ్యి పెట్టి దీవించా గదే! లేచి పో ఇక్కణ్ణుంచి."

పక్కవాళ్లు తలలు తిప్పి చూశారు. ఇక్కడ నా సిగ్గుమాలినతనం కూడా చెప్పాలి. నాకు కోపం వచ్చింది. "నిజం చెప్పడానికి వచ్చిందాన్ని తిడతావా? చెప్పకపోతే నీకు తెలిసేదే కాదు!" అని అరిచా. "ఔనే, తెలిసేది కాదు! నీ బరువు దింపుకోడానికి నా నెత్తిన పెట్టావు!" అని ఆవిడ అంతకంటే గట్టిగా అరిచింది. మేమిద్దరం ఒకే రకం మనుషులం. అందుకే కాబోలు.

సాయంత్రం కూటానికి మొదటిసారి వెళ్లా. ఆవిడ రాలేదు.

ఆదివారం గుడికి వెళ్లకూడదనుకున్నా. కాళ్లే తీసుకెళ్లాయి. వెనక గోడ దగ్గర, ఆడవాళ్ల వరస చివర కూర్చున్నా. వాక్యం సగమైనాక ఆవిడ వచ్చింది. ఎప్పుడూ కూర్చునే ముందు వరస దాటుకుని, వెనక్కి వచ్చి, నా పక్కన చాప మీద కూలబడింది. నా వైపు చూడలేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మోచెయ్యి నాకు తగులుతోంది, తీసుకోలేదు.

పళ్లెం మా వరసకి వచ్చింది. ఆవిడ ఒక ముక్క తీసుకుంది. నా దగ్గరికి రాగానే నేను అలవాటుగా జరిపేయబోయా. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"తీసుకో."

"వద్దు పెద్దమ్మా. నీకు కోపం పోలేదు."

"పోలేదు." గుసగుసలాడటం ఆవిడకి చేతకాదు, ముందు మూడు వరసలకి వినపడుతోంది. "రాత్రంతా తిట్టుకుంటానే ఉన్నా నిన్ను. ఇప్పుడు కూడా మండతానే ఉంది. అయితే ఏంది?"

"అయితే నేను ఎలా తినను?"

"నా ఇంటి కూడైతే ఇవాళ నీకు పెట్టేదాన్ని కాదు. తలుపేసుకునేదాన్ని. ఇది నేను వండిందా? పెట్టేది ఆయన. మధ్యలో అడ్డం కూర్చోడానికి నేనెవర్ని, వద్దనడానికి నువ్వెవరివి?" పళ్లెం పట్టుకున్న సంఘపెద్ద అలాగే నిలబడిపోయాడు. ఆవిడ గొంతు తగ్గింది. "నా బిడ్డని కొట్టిన చేత్తోనే తింటున్నానే నేను, అయిదేళ్లుగా. అది నన్ను క్షమించిందో లేదో తెలీదు. తెలిసినాక తిందామంటే ఎప్పుడో చచ్చేదాన్ని. ఆకలేస్తంది, తింటన్నా. అంతే."

ఆ మాటలయ్యేసరికి సంఘపెద్ద పళ్లెంతో మగవాళ్ల వైపు వెళ్లిపోయాడు. ఆవిడ తన చేతిలో ముక్కని రెండు చేసింది. అసలే గోరంత ముక్క. సగం నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

నేను తిన్నా. ఆవిడ వేళ్ల మీది కారం రొట్టెకి అంటుకుంది. పెదవి మండింది, నాలుక మండింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. చెల్లించింది ఏమీ లేదు. పిల్ల దొరకలేదు, ఆవిడ కోపం చల్లారలేదు, నా నోరు మారలేదు. నేను రాసుకున్న ఒప్పందంలో ఒక్కటీ జరగలేదు. అయినా నా నోట్లో రొట్టె ఉంది. కృప అనే మాట చిన్నప్పట్నుంచి వెయ్యిసార్లు విన్నా, పాడా, కంఠతా పట్టా. దానికి ఆకలి తీర్చే గుణం ఉందని ఆ రోజే తెలిసింది. పక్కన ఆవిడ తన సగం నములుతోంది, మొహం ముడుచుకుని, నన్ను చూడకుండా.

ఆ తర్వాత రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కానీ గుడిలో నా పక్కనే కూర్చునేది. మూడో నెల, ఆముదం పట్టుకెళ్తే తీసుకుంది. "ఏమన్నా పలికిందా?" అని మళ్లీ అడగడం మొదలుపెట్టింది. లేదు పెద్దమ్మా అని నేను చెప్పేదాన్ని. ఈసారి ఆ జవాబు ఇద్దరం కలిసి మోసేవాళ్లం.

నాకు గుంటూరు బదిలీ అయింది. కొత్తగా వచ్చిన ఆపరేటరుకి అన్నీ అప్పజెబుతూ, ఆ పిల్ల పేరు, వాళ్లమ్మ పేరు కాగితం మీద రాసి బోర్డు పక్కన అంటించా. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆవిడ వీడ్కోలు చెప్పడానికి వచ్చింది. బోర్డు నిశ్శబ్దంగా ఉంది. రెండు లైన్లూ ఖాళీ.

"ఇది తలకి పెట్టుకుంటే ఏం వినపడుద్దే?" అని అడిగింది. హెడ్‌ఫోను తీసి ఆవిడ తలకి పెట్టా. నెల్లూరు ప్లగ్గు గుచ్చా.

"ఎవరు కావాలి?" అన్నాడు పొడుం పెద్దాయన. నేను పక్కన రిసీవరు ఎత్తి చెప్పా: "ఎవరూ వద్దండీ. కాసేపు లైను అలా ఉంచండి."

ఆయనకి ఏదో అర్థమైంది కాబోలు, తప్పుకున్నాడు.

లైన్లో హోరు మాత్రమే ఉంది. దూరంలో ఎక్కడో గాలి తీగెల మీద పోతున్నట్టు. ఆవిడ కళ్లు మూసుకుంది. ప్రార్థన మొదలుపెడుతుందనుకున్నా. ఆవిడ ఆ హోరుతో, చాలా మెల్లగా, ఆవిడకి రాదనుకున్న గొంతుతో అంది:

"ముందు నువ్వు చెప్పు తల్లీ. ప్రార్థన తర్వాత చేసుకుందాం."

చెప్పి, వింటూ కూర్చుంది. గడియారంలో మూడు నిమిషాలు దాటాయి. నా చెయ్యి ప్లగ్గు మీదే ఉంది. మిల్లు మూత ఒకసారి టక్కున పడింది. పడనిచ్చా.